ప్రార్థనలో వేషధారణ, నిజాయితీ: క్రైస్తవ సంప్రదాయంలో ఒక చర్చ

మనసు పెట్టకుండా పెదవులతో ప్రార్థించేవాడు వేషధారి అవుతాడా? ఈ ప్రశ్నకు చాలామంది వెంటనే అవునంటారు. మనసులో ఒకటి, మాటలో ఇంకొకటి ఉంటే దాన్నే కదా కపటం అంటాం. అయితే ఈ నిర్వచనాన్నే కొలబద్దగా పట్టుకుంటే ఇబ్బంది వస్తుంది. పగలంతా పొలంలో కష్టపడి, రాత్రి కళ్ళు మూతలు పడుతుండగా చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు మాటలు చెప్పుకొని పడుకునే మనిషి వేషధారి అవుతాడు. పదిమంది మధ్య కన్నీళ్ళతో ప్రార్థించి, ఆ కన్నీళ్ళను తానే నమ్మేసేవాడు నిజాయితీపరుడు అవుతాడు. సువార్తల్లో యేసు చేసిన ఆక్షేపణ ఈ రెండు తీర్పులకూ సరిపోదు. ఆ ఆక్షేపణ దేని మీదో తెలిస్తే, తర్వాతి శతాబ్దాల్లో క్రైస్తవులు ఈ విషయమై పడిన తగవులు కూడా అర్థమవుతాయి. ఈ పాఠాన్ని చదివేటప్పుడు మత్తయి సువార్త 6వ అధ్యాయం దగ్గర పెట్టుకోండి.

వేషధారి అనే మాట

మత్తయి 6:5లో తెలుగు బైబిల్ వాడిన మాట 'వేషధారులు'. మూలంలోని గ్రీకు పదం 'హుపోక్రితేస్'. పాత గ్రీకులో దీనికి రంగస్థల నటుడు అని అర్థం. గ్రీకు నటులు ముఖానికి ముసుగు తగిలించుకొని ఆడేవారు. భాగవతాలూ పగటివేషాలూ ఎరిగిన తెలుగు పాఠకుడికి 'వేషధారి' అనగానే ఆ నటుడు కళ్ళముందు మెదులుతాడు. అనువాదకులు ఎంచుకున్న మాట మూలానికి బాగా దగ్గరగా ఉంది. 'కపటి' అనో 'మోసగాడు' అనో రాసి ఉంటే రంగస్థలం కనిపించకుండా పోయేది.

అలాగని మొత్తం భారాన్ని నాటకం మీదే మోపకూడదు. యేసు కాలానికి ముందే వచ్చిన పాత నిబంధన గ్రీకు అనువాదంలో, యోబు గ్రంథంలో, ఇదే పదాన్ని భక్తిహీనుడనే అర్థంలో వాడారు. గ్రీకు మాట్లాడే యూదులకు ఈ మాటలో నిందార్థం అప్పటికే ఉంది. కానీ మత్తయి 6లో రంగస్థలం వాసన గట్టిగానే ఉంది. మొదటి వచనంలో మనుషులకు 'కనబడేందుకు' చేసే నీతిపనుల ప్రస్తావన వస్తుంది. అక్కడి గ్రీకు క్రియా, నాటకశాలను సూచించే గ్రీకు పదమూ ఒకే ధాతువు నుంచి పుట్టినవి. ప్రేక్షకులు లేకపోతే నటుడికి పనిలేదు. ఈ భాగమంతా తిరిగేది ప్రేక్షకుల చుట్టూనే.

దానం, ప్రార్థన, ఉపవాసం అనే మూడింటినీ యేసు ఒకే అచ్చులో పోసి చెబుతాడు. మూడుచోట్లా వేషధారులు తమ ఫలాన్ని పొందేశారన్న తీర్పు వస్తుంది. 'పొందేశారు' అన్నచోట ఉన్న గ్రీకు క్రియ లావాదేవీల్లో వాడేది. ఆ కాలపు రసీదులు పాపిరస్ పత్రాల మీదా కుండపెంకుల మీదా దొరికాయి. సొమ్ము పూర్తిగా ముట్టిందని రాయడానికి వాటిలో ఇదే మాట వాడారు. అంటే వేషధారి ప్రార్థన విఫలం కాలేదు. అతను జనం మెప్పు కోరాడు, మెప్పు దొరికింది, లెక్క చెల్లిపోయింది. దేవుడి దగ్గర అతనికి బాకీ ఏమీ మిగల్లేదు. ఈ మాటలోని వ్యంగ్యం నరకం గురించిన బెదిరింపు కన్నా పదునైనదని నా అభిప్రాయం.

వీథి మూలకు బదులుగా యేసు చూపిన చోటు ఇంటి లోపలి గది. అక్కడి గ్రీకు పదం సామాన్లు, గింజలు దాచుకునే కొట్టుగదికి వాడేది. అది పూజగది కాదు. అక్కడ పవిత్రత ఏమీ లేదు, చూసేవాళ్ళు లేరంతే.

రెండు తప్పులు వేరు

ఇక్కడ విద్యార్థులు తరచూ కలిపేసే రెండు సంగతులను విడదీయాలి. 5, 6 వచనాలు వేషధారుల గురించి. 7, 8 వచనాలు అన్యజనుల గురించి. మొదటివారి తప్పు మనుషులకు వినిపించేలా ప్రార్థించడం. రెండవవారి తప్పు, మాటలు పెరిగితే దేవుడు లొంగుతాడనుకోవడం. ఒకరు దేవుణ్ణి పక్కన పెట్టారు, మరొకరు ఆయన్ను తక్కువ అంచనా వేశారు. పరీక్ష జవాబుల్లో ఈ రెంటినీ కలిపి 'యేసు బహిరంగ ప్రార్థననూ పునరుక్తినీ ఖండించాడు' అని రాయడం మామూలు. అది సరికాదు.

ఎందుకంటే ఆ రెండూ యేసు జీవితంలోనే ఉన్నాయి. గెత్సేమనే తోటలో ఆయన మూడోసారి కూడా అవే మాటలతో ప్రార్థించాడని మత్తయి 26:44 చెబుతుంది. లాజరు సమాధి దగ్గర ఆయన గుంపు ఎదుటే గట్టిగా ప్రార్థిస్తాడు. పైగా చుట్టూ నిలబడినవారి కోసమే ఇలా మాట్లాడుతున్నానని ఆ ప్రార్థనలోనే దేవుడికి చెబుతాడు (యోహాను 11:41, 42). మత్తయి 6నూ దీన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. వినేవాళ్ళు ఉండటమే తప్పయితే ఇక్కడ చిక్కు వస్తుంది. వినేవాళ్ళ మెప్పు కోరడం తప్పయితే చిక్కులేదు. లాజరు సమాధి దగ్గర జనం తనను పంపినవాణ్ణి నమ్మాలన్నది ఆయన ఉద్దేశం.

సిలువ మీది కేక మరింత ఆలోచింపజేస్తుంది. మార్కు, మత్తయి సువార్తల ప్రకారం, దేవుడు తన చేయి విడిచాడన్న వేదనలో యేసు పలికినవి 22వ కీర్తన తొలి మాటలు. అత్యంత బాధలో ఉన్న మనిషి నోట వచ్చింది అప్పటికప్పుడు పుట్టిన మాట కాదు. తన జాతి శతాబ్దాలుగా పాడుకుంటున్న పాట. సొంత మాటల్లో చెబితేనే నిజమైన ప్రార్థన అనేవారు ఈ సందర్భాన్ని దాటిపోలేరు.

నిజమే చెప్పిన పరిసయ్యుడు

లూకా 18వ అధ్యాయంలో దేవాలయానికి వెళ్ళిన ఇద్దరి ఉపమానం మీకు తెలిసే ఉంటుంది. రోమా ప్రభుత్వం తరఫున పన్నులు వసూలు చేస్తూ జనం దగ్గర చెడ్డపేరు తెచ్చుకున్న వర్గంవాడు సుంకరి. అతను దూరంగా నిలబడి కరుణించమని మాత్రమే అడుగుతాడు. పరిసయ్యుడు తాను వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటున్నాననీ, రాబడిలో పదోవంతు ఇస్తున్నాననీ చెప్పుకొని, ఆ సుంకరిలాంటివాణ్ణి కానందుకు కృతజ్ఞత చెబుతాడు.

పరిసయ్యుడు చెప్పినదాంట్లో ఒక్క అబద్ధమైనా ఉందని కథ అనదు. ఉపవాసం నిజం, దశమభాగం నిజం. కృతజ్ఞత కూడా అతను మనస్ఫూర్తిగానే చెప్పి ఉండవచ్చు. మనం ఈనాడు నిజాయితీకి ఇచ్చే అర్థంలో అతను నిజాయితీపరుడే. అయినా నీతిమంతుడిగా ఇంటికి వెళ్ళింది సుంకరి. 11వ వచనంలోని ఒక గ్రీకు పదబంధాన్ని 'తనలో తాను' అనీ, 'తనవైపు తిరిగి' అనీ కూడా అర్థం చేసుకోవచ్చు. రెండో అర్థం తీసుకుంటే అతని ప్రార్థన విన్నది అతనొక్కడే. కొట్టుగదిలో తలుపు వేసుకున్నా మనతోపాటు లోపలికి వచ్చే ప్రేక్షకుడు ఒకడుంటాడని ఈ ఉపమానం చూపిస్తుంది. మత్తయి చెప్పిన వేషధారణ కన్నా దీన్ని పట్టుకోవడం కష్టం.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ కథల వల్ల పరిసయ్యుడు అనే మాట తెలుగులో సైతం తిట్టుగా మారిపోయింది. చరిత్ర అంత సులువుగా లేదు. మత్తయి 6లో అసలు పరిసయ్యుల పేరే లేదు. వారిపై ఘాటైన విమర్శ 23వ అధ్యాయంలో వస్తుంది. ఈ సువార్త క్రీ.శ. 80, 90 ప్రాంతంలో, సమాజమందిరానికీ యేసు అనుచరులకూ మధ్య దూరం పెరుగుతున్న రోజుల్లో రూపొందిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. నోటికీ హృదయానికీ మధ్య దూరాన్ని యెషయా ప్రవక్త అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే ఎత్తిచూపాడు. పరిసయ్యుల వారసులైన రబ్బీల బోధలు క్రీ.శ. 200 ప్రాంతంలో మిష్నాగా కూర్చబడ్డాయి. ప్రార్థనను మొక్కుబడి పనిగా మార్చవద్దని అందులోనూ ఉంది. పూర్వపు భక్తులు మనసు దేవుడివైపు తిప్పుకోవడానికి ప్రార్థనకు ముందు ఒక గంట ఆగేవారని కూడా మిష్నా చెబుతుంది. కాబట్టి యేసు విమర్శ యూదు సంప్రదాయం లోపలి విమర్శే.

ఆ సంగతిని క్రైస్తవులు ఎంత త్వరగా మరిచారో 'దిదాకే' అనే తొలినాటి క్రైస్తవ చిన్న గ్రంథం చూపిస్తుంది. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికిన ఈ గ్రంథం, వేషధారులు సోమ, గురువారాల్లో ఉపవాసం ఉంటారు గనుక మీరు బుధ, శుక్రవారాల్లో ఉండండి అంటుంది. వారిలా ప్రార్థించక, ప్రభువు నేర్పిన ప్రార్థనను రోజుకు మూడుసార్లు చెప్పమంటుంది. మనసును గురించిన ప్రశ్న ఇక్కడ క్యాలెండరు ప్రశ్నగా మారిపోయింది. వేషధారి అంటే పక్క వర్గంవాడు అయ్యాడు.

మనసు నిలవనప్పుడు

మొదట అడిగిన ప్రశ్నకు మళ్ళీ వద్దాం. మనకు అవసరమైనవి దేవుడికి ముందే తెలిస్తే మాటలెందుకు? 412 ప్రాంతంలో ప్రోబా అనే రోమన్ వితంతువు అడిగినదానికి జవాబుగా రాసిన ఉత్తరంలో అగస్టీన్ దీన్ని చర్చించాడు. ప్రార్థనలో మాటలు దేవుడికి సమాచారం ఇవ్వడానికి కావు, మనలో చల్లారే కోరికను రాజేయడానికి అని ఆయన వివరణ సారాంశం. ఈ లెక్కన మాట మనసు వెనక నడిచే నీడ కాదు. మనసును లాక్కువెళ్ళే తాడు. భావం లేనప్పుడు ప్రార్థించడం కపటం కాదు సరికదా, మాటల అవసరం అప్పుడే ఎక్కువ.

13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ దీన్ని మరింత తర్కబద్ధం చేశాడు. ప్రార్థించేవాడి ధ్యాస మాటల ఉచ్చారణ మీద ఉండవచ్చు, వాటి అర్థం మీద ఉండవచ్చు, దేవుడి మీద ఉండవచ్చు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, చదువు లేనివారికి కూడా సాధ్యం. మంచి ఉద్దేశంతో మొదలుపెట్టాక మనసు తన ప్రమేయం లేకుండా దారితప్పితే ప్రార్థన ఫలం పోదు. కావాలనే దాన్ని ఇటూ అటూ తిరగనిస్తే అది తప్పు. నిద్రకళ్ళతో ప్రార్థించే మన రైతుకు ఇక్కడ చోటు దొరికింది.

అయితే బయటినుంచి చూసేవాడికి ఈ తేడా తెలిసే దారి ఏది? ఇంగ్లీషు సాహిత్యం చదివే విద్యార్థులు షేక్స్‌పియర్ 'హామ్లెట్' మూడో అంకం గుర్తుచేసుకోవచ్చు. అన్నను చంపి రాజైన క్లాడియస్ మోకరిల్లుతాడు. హత్య వల్ల దక్కిన రాజ్యాన్నీ రాణినీ వదులుకోలేక తన ప్రార్థన పైకి వెళ్ళడం లేదని తానే గ్రహిస్తాడు. వెనక కత్తి పట్టుకొని నిలబడిన హామ్లెట్‌కు మాత్రం ఆ మోకాళ్ళే కనబడ్డాయి. ప్రార్థిస్తూ చస్తే స్వర్గానికి పోతాడని భయపడి వదిలేస్తాడు.

పుస్తకమా, సొంత మాటా?

17వ శతాబ్దపు ఇంగ్లండులో ఈ చర్చ జైళ్ళదాకా వెళ్ళింది. 1549 నుంచి అక్కడి సంఘానికి 'ఉమ్మడి ప్రార్థన పుస్తకం' ఉంది. రాసిపెట్టిన మాటలు చదవడం ప్రార్థన కాదని ప్యూరిటన్లు వాదించారు. అంతర్యుద్ధ కాలంలో, 1645లో, పార్లమెంటు ఆ పుస్తకాన్ని తొలగించింది. 1649 జనవరిలో రాజు మొదటి చార్లెస్ శిరచ్ఛేదం జరిగాక, ఆయన ప్రార్థనలూ ఆలోచనలూ అని ఒక పుస్తకం వెలువడి విపరీతంగా అమ్ముడుపోయింది. దాన్ని ఖండిస్తూ అదే ఏడాది కవి మిల్టన్ ఒక గ్రంథం రాశాడు. అందులో బయటపెట్టిన ఒక సంగతి గమనించదగ్గది. రాజు చెరలో చేశాడన్న ఒక ప్రార్థన ఫిలిప్ సిడ్నీ రాసిన 'ఆర్కేడియా' అనే ప్రేమకథలోని పాత్ర చేసిన ప్రార్థనే. మిల్టన్‌కు అది వేషధారణకు తిరుగులేని రుజువు. కానీ ఎరువు తెచ్చుకున్న మాటలన్నీ వేషమే అంటే, సిలువ మీద పలికిన కీర్తనను ఏమనాలి? మిల్టన్ వాదం రాజకీయంగా గట్టిది, ప్రార్థన విషయంలో అంత గట్టిది కాదని నాకనిపిస్తుంది.

తెలుగు క్రైస్తవులకు 'యాత్రికుని ప్రయాణం' రచయితగా తెలిసిన జాన్ బన్యన్ వాదం ఇంతకన్నా లోతైనది. అనుమతి లేకుండా బోధించినందుకు 1660లో అరెస్టయి, దాదాపు 12 ఏళ్ళు బెడ్‌ఫర్డ్ జైల్లో గడిపినవాడు ఆయన. ప్రార్థన పుస్తకం గురించి న్యాయాధికారులతో ఆయన వాదించాడు. తర్వాత జైలు నుంచే దీనిపై ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆత్మ సహాయం లేని ప్రార్థన ప్రార్థనే కాదని ఆయన పక్షం. దీనికి జవాబు అనదగ్గది రిచర్డ్ హుకర్ 1597లోనే రాశాడు. ఉమ్మడి మాటలు బలహీనులకు ఊతమనీ, నాయకుడి ఆ రోజు ఉత్సాహం మీద సంఘమంతా ఆధారపడాల్సిన పని ఉండదనీ ఆయన వాదం.

ఈ రెండు పద్ధతులూ నేటి తెలుగు సంఘాల్లో ఉన్నాయి. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం ముద్రించిన ఆరాధన క్రమాన్ని వాడుతుంది. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో ప్రార్థన ఎక్కువగా ఆశువుగానే సాగుతుంది. అలాగని ఆశువు ప్రార్థన ఎప్పుడూ కొత్తగా ఉంటుందనుకోకండి. నాలుగు వారాలు ఒకే కూటానికి వెళ్ళినవారికి ఎవరు ఏ మాటతో మొదలుపెట్టి ఎక్కడ గొంతు పెంచుతారో తెలిసిపోతుంది. అది కూడా ఒక క్రమమే, అచ్చు కాలేదంతే. ఇంటి కూటాల్లో ఇంకొకటి వినిపిస్తూ ఉంటుంది. ప్రార్థించేవారు 'ప్రభువా, మా అబ్బాయికి మొన్న హైదరాబాదులో ఉద్యోగం వచ్చిన సంగతి నీకు తెలుసు' అంటారు. ప్రభువుకు తెలుసు. పక్కింటివారికే అప్పటిదాకా తెలియదు.