మాటకో చెక్‌పోస్టు

రండ్రి బిడ్డా, అరుగు మీద జర సర్దుకొని కూసోండ్రి. చేతుల ఫోను ఉంటే ఉండనియ్యుండ్రి, ఇయ్యాల దాని ముచ్చటనే చెప్పుకుందం. వాట్సాప్ వచ్చి లోకం పాడైపోయిందని తిట్టే తాతలు ఊరికి పదిమంది ఉంటరు. నేను ఆ జట్టుల లేను. జిన్నింగు మిల్లు కాడ పత్తి ధర ఎంత నడుస్తున్నదో ఇంట్ల కూసోనే తెలుస్తున్నది. అవతల మహారాష్ట్ర దెగ్లూర్‌ల ఉన్న మునిమనవడు తొలి అడుగు ఏస్తుంటే మీ అవ్వ వీడియోల చూసి మురిసిపోయింది. పొద్దుగాలనే గులాబీ పువ్వు పెట్టి పంపే 'శుభోదయం' బొమ్మలు కూడా నాకు ఇష్టమే. మీరు నవ్వుతరు గాని, నా ఈడు దోస్తు దగ్గరి నుంచి ఆ పువ్వు వచ్చిందంటే ఆయన లేచిండు, బాగనే ఉన్నడు అని అర్థం! నా పేచీ ఒక్కదాంతోనే. మాట ఇప్పుడు మరీ జోరు మీద పోతున్నది.

మన మద్నూర్ సంగతి మీకు తెల్వనిదా? అటు మహారాష్ట్ర, ఇటు జర దూరంల కర్ణాటక. అంగడికి పోతే తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ అన్నీ చెవుల పడతయి. సలాబత్‌పూర్ కాడ చెక్‌పోస్టుల లారీలు బారులు తీరి ఆగుతుండె. లోపల ఏమున్నది, కాయిదాలు ఉన్నయా, బరువు ఎంత అని చూసినంకనే కదలనిస్తుండ్రి. వెనుకట మాటకు కూడా అట్లాంటి చెక్‌పోస్టులు ఉండె. దెగ్లూర్‌ల పుట్టిన పుకారు ఇక్కడికి రావాలంటే ఎవరో ఒకరు బస్సెక్కి మోసుకరావాలె. వచ్చినంక చాయ్ హోటల్ కాడ ఒక పెద్దమనిషి "నువ్వు కండ్లార చూసినవా? చెప్పింది ఎవరు?" అని నిలదీస్తుండె. మరాఠీల ఇన్నదాన్ని తెలుగుల చెప్పేటప్పుడన్నా నోరు ఒక నిమిషం ఆగుతుండె. ఆ ఆగుడే మనల కాపాడింది. ఫోను వచ్చి ఆ గేటును పీకి పక్కన పడేసింది.

అట్లని పుకారు ఫోన్ల పుట్టింది కాదు. 1934 జనవరి 15న బీహార్ల పెద్ద భూకంపం వచ్చింది. జమునా ప్రసాద్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అప్పుడు జనం నోట్ల తిరిగిన పుకార్లను పోగుచేసి రాసిపెట్టిండు. కుదుపు తగిలింది గాని ఇల్లు కూలని ఊర్లల్ల కూడా, ఇంతకన్న పెద్ద ఆపద వస్తున్నదనే పుకార్లు తిరిగినయి. ఎందుకట్ల? భయపడ్డోళ్లు ధైర్యం చెప్పే మాట కదా ఎతుక్కోవాలె? అమెరికాల లియాన్ ఫెస్టింగర్ అనే పండితుడు దీని మీద మస్తు ఆలోచన చేసిండు. ఆయనకు తోచింది ఏందంటే, గుండెల భయం ముందే దూరింది, కండ్ల ముందు కారణం కనబడుత లేదు. పుకారు ఆ కారణం తెచ్చి చేతుల పెడతది. "నేను ఉత్తగనే భయపడుత లేను" అని మనసు కుదుటపడతది. భయపెట్టే మాటనే ఊరట ఇచ్చుడు! మనిషి తలకాయ ఎంత చిత్రమైందో చూసిండ్రా?

ఇంకో చిత్రం చెప్త. 1947ల ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ అనే ఇద్దరు అమెరికా పండితులు పుకార్ల మీద ఒక పుస్తకం అచ్చేసిండ్రు. వాళ్లు చేసిన పరీక్ష చిన్నపిల్లల ఆట తీరుగనే ఉంటది. ఒకరికి బొమ్మ చూపించి, దాన్ని రెండో మనిషికి చెప్పమంటరు. రెండో మనిషి మూడో మనిషికి చెప్పాలె. ఐదారు నోర్లు మారేసరికి వివరాల్ల 70 శాతం దాక రాలిపోయినయి. రాలిపోయేది ఒక ఎత్తు, మారిపోయేది ఇంకో ఎత్తు. రైలు డబ్బా బొమ్మ ఒకటి ఉండె. అండ్ల ఒక తెల్లాయన గడ్డం గీసే కత్తి పట్టుకొని నల్లాయనతోని మాట్లాడుతుంటడు. ఆడింది తెల్లోళ్లు. సగానికన్న ఎక్కువ ఆటలల్ల, చెప్పంగ చెప్పంగ ఏదో ఒక కాడ ఆ కత్తి నల్లాయన చేతులకు పోయింది! అబద్ధం ఆడాలని ఎవరూ అనుకోలే. మనం ఎవరిని చూసి జంకుతమో, కత్తిని మన మనసే వాళ్ల చేతుల పెడతది.

ఇది అమెరికా కథ అని తీసిపారేయకండ్రి. మన సరిహద్దు అవతల కర్ణాటక బీదర్ జిల్లాల ముర్కి అని ఒక ఊరున్నది. 2018 జులై 13న హైదరాబాద్ దిక్కు నుంచి కొందరు దోస్తులు కార్ల ఆ పక్కకు వచ్చిండ్రు. తొవ్వల బడి పిల్లలు కనబడితే ముద్దుగ చాక్లెట్లు పంచిండ్రు. అప్పటికే పిల్లలను ఎత్తుకపోయే ముఠాలు దిగినయని దేశమంత ఫోన్లల్ల ఒకటే పుకారు. అంతే, చాక్లెట్ ఎర అయిపోయింది. వాళ్లు కారెక్కి పోతుంటే వాళ్లకన్న ముందు వాట్సాప్ ముర్కికి చేరింది. జనం తొవ్వకు అడ్డం పడ్డరు, కారు బోల్తా కొట్టింది. అడ్డుకోబోయిన పోలీసులకు కూడా దెబ్బలు తగిలినయి. సాఫ్ట్‌వేర్ పని చేసుకునే ఒక జవాను పోరడు పానం ఇడిచిండు. ఆ పొద్దు కత్తి ఎవరి చేతుల లేదు బిడ్డా. చాక్లెట్లనే ఉన్నయి.

వారం తిరిగేసరికి వాట్సాప్ కంపెనీ మన దేశంల ఒక కట్టడి పెట్టింది: ఒక్కసారి ఐదు చాట్లకన్న ఎక్కువ ఫార్వర్డ్ చేయరాదు. ఐదంటే తక్కువ అనుకుంటున్నరా? ఏళ్ల మీద లెక్కపెట్టుండ్రి. అప్పట్ల ఒక గ్రూపుల 256 మంది దాక ఉండొచ్చు. ఐదు గ్రూపులంటే 1,280 మంది, అదీ ఒక్క ఏలు కదిపితే! అయినా కట్టడి ఉత్తగ పోలే. మళ్ళ పంపాలంటే మళ్ళ ఎంచుకోవాలె, మళ్ళ నొక్కాలె. పోయిన గేటు అంతో ఇంతో తిరిగి లేచినట్టే. 2020 ఏప్రిల్‌ల ఇంకో మెట్టు దిగి, మస్తు చేతులు మారి రెండు బాణాల గుర్తు పడ్డదాన్ని ఒక్కసారి ఒక్క చాట్‌కే పంపనిచ్చిండ్రు. దాంతోని అట్లాంటి ఫార్వర్డులు 70 శాతం తగ్గినయని ఆ కంపెనోళ్లే చెప్పిండ్రు. మనుషులు మారలే, బుద్ధులు మారలే. జర ఆలస్యం కలిపిండ్రు, అంతే!

అబద్ధానికి అంత జోరు ఎక్కడిది అంటరా? అది కూడా లెక్క తీసిండ్రు. 2018ల అమెరికాల ఎంఐటీ పండితులు ట్విట్టర్‌ల పదకొండేండ్ల వార్తల జాడ పట్టిండ్రు. 1,500 మందిని చేరటానికి నిజానికి అబద్ధం కన్న ఆరింతల టైం పట్టిందట. తప్పు మిషన్లది కాదట, మనుషులదే. నిజం పాతది, చప్పగుంటది. అబద్ధం ఎప్పుడూ కొత్తగుంటది, కొత్తది ముందు చెప్పిన మనిషి పదిమందిల గొప్పగుంటడు. ఇగ ఒకటే మాట నాలుగు గ్రూపులల్ల కనబడిందనుకో, నలుగురు సాక్షులు దొరికినట్టు అనిపిస్తది. 1977ల హాషర్ అనే ఆమె ఇంకిద్దరితోని కలిసి, కాలేజీ పిల్లలకు రెండు వారాలకోసారి కొన్ని వాక్యాలు ఇనిపించి చూసింది. మళ్ళమళ్ళ ఇన్న వాక్యం, నిజమైనా అబద్ధమైనా, నిజమే అనిపించుకుంట పోయింది. నాలుగు గ్రూపులల్ల వచ్చిన మాటకు తల్లి ఒక్కతే కావచ్చు, ఆ సంగతి యాదికి పెట్టుకోండ్రి.

మందు లేదా అంటే, ఉన్నది. ముర్కి సంగతి జరిగిన 2018లనే, మన తెలంగాణల జోగులాంబ గద్వాల అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊర్లకు తోలింది. వాళ్లు ఊరి గ్రూపులల్ల చేరిండ్రు, డప్పు కొట్టి పాట కట్టి "ఇది పుకారు" అని నడిబజార్ల చెప్పించిండ్రు. ఫోన్ల వచ్చిన భయాన్ని ఎదురుంగ నిలబడ్డ మనిషి తీసిండు. నా పద్ధతి ఇంకా అగ్గువ. గుండె దడదడలాడించే ఫార్వర్డ్ వస్తే, అది ఏ ఊరి సంగతో ఆ ఊర్ల మనకు తెలిసినోళ్లకు ఒక్క ఫోన్ కొడత. పత్తి ధరకు మిల్లుకు ఫోన్ కొడుతలేమా? మనిషి పానానికి కొట్టలేమా?

ఇగ మీకో పని. రేపు బడిల ఆరుగురు వరుసగ నిలబడుండ్రి. పది వివరాలున్న చిన్న కథ మొదటోని చెవుల చెప్పుండ్రి. నడుమ ఒక్కరు మరాఠీల చెప్పాలె, మన ఊర్ల ఆ సదుపాయం ఉన్నదాయె! ఆరో మనిషి చెప్పింది రాసి పట్టుకరండ్రి, పదిట్ల ఎన్ని మిగిలినయో కలిసి లెక్కపెడదం. నా పందెం మూడు మీద. కథల లేనిది కొత్తగ ఏం వచ్చి చేరిందో, ఎవరి కాడ చేరిందో అది కూడా రాయుండ్రి. నాకు అసలు చూడాలని ఉన్నది అదే.