తరిమెన ఉలికి తగిన సాన

ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల పాత ఇండ్లలో నగిషీ తీరిన మంచపుకోళ్ళు కనబడును. కఱ్ఱను గిరగిర త్రిప్పుచు ఉలితో గుండ్రముగ తీర్చెడి తరిమెనపై అట్టివి తయారగును. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక లక్కబొమ్మలును తరిమెనపై పుట్టినవే. వానికి వాడు అంకుడు కఱ్ఱ మెత్తనిది. అయినను మొద్దుబారిన ఉలి దానిని నునుపుగ కోయక చీల్చును. ఒక్కొక్కప్పుడు చిక్కుకొని పనివానికి గాయము చేయును.

ఉలికి పదును పెట్టు మార్గములు మూడు. చేతి సానరాయి చవుకైనది, వేడి పుట్టింపదు. కాని కాలము హెచ్చుగ పట్టును. నిమిషమునకు 1,400 మొదలు 2,900 చుట్ల వరకు తిరుగు పొడి సానచక్రము క్షణములలో పదునిచ్చును. కాని ఉలిని వేడెక్కించును. నీటిలో తడియుచు నిమిషమునకు సుమారు 100 చుట్లు తిరుగు చక్రము ఉలిని చల్లగ నుంచును. దాని వెల హెచ్చు.

ఏది ఎన్నుకొనవలెను? ఉక్కును బట్టి నిర్ణయింపవలెను. సాధారణపు ఉక్కు సుమారు 300 డిగ్రీల వేడికి నీలివన్నె దాల్చి కాఠిన్యము కోల్పోవును. దానికి చేతిసానయో, నీటిచక్రమో మేలు. హైస్పీడ్ ఉక్కు సుమారు 600 డిగ్రీల వరకు తాళును; దానికి పొడిచక్రము చాలును. పొడిచక్రముకడ కండ్లకు అద్దములు తప్పనిసరి.

ఏ సానయైనను ఉలి వాలు ప్రతిసారి ఒకే కోణమున ఆనవలెను. కోణము మారినచో ఉక్కు వృథాగ అరిగి, ఉలి ఆయువు తరుగును. పదును తగ్గిన ఉలిని గట్టిగ అదుముట కంటె, తగ్గకమునుపే ఒకమారు సానకు తాకించుట మంచి పనివాని లక్షణము.