ఒకే మాట - వేరువేరు పనులు

పిల్లలూ! ఇంగ్లీషు పాఠంలో "వాటర్ ది ప్లాంట్స్" అన్న వాక్యానికి "నీళ్లు మొక్కలు" అని అర్థం రాశారనుకోండి, మార్కులు పోతాయి! వాటర్ అంటే నీళ్లే. కాని ఇక్కడ అది క్రియ. "మొక్కలకు నీళ్లు పోయండి" అని అర్థం.

తెలుగులో ఈ చిక్కు తక్కువ. "పాట" నామవాచకం, "పాడు" క్రియ. రూపం చూడగానే తెలిసిపోతుంది. వెయ్యేళ్ల కిందట ఇంగ్లీషు కూడా ఇలాగే ఉండేది. ప్రేమను "లువు" అనీ, ప్రేమించటాన్ని "లువియన్" అనీ అనేవారు. రానురాను మాటల చివరలు అరిగిపోయి, రెండూ "లవ్" అయినాయి! అందుచేత ఇప్పుడు ఆ మాట చేసే పనిని, వాక్యంలో దాని చోటును బట్టి తెలుసుకోవాలి.

కొన్ని మాటల్లో పలుకు కూడా సాయపడుతుంది. "రికార్డ్" అనేటప్పుడు మొదటి భాగం ఒత్తి పలికితే నామవాచకం. రెండవ భాగం ఒత్తితే క్రియ.

కనుక నిఘంటువులో మొదటి అర్థం చూసి పుస్తకం మూసెయ్యకండి. మాటకు ముందు "ది" ఉన్నదా, "టు" ఉన్నదా చూడండి. "ది వాటర్" అంటే నీళ్లు. "టు వాటర్ ది ప్లాంట్స్" అంటే మొక్కలకు నీళ్లు పోయటం.

మరి "ఐ కెన్ ఓపెన్ ది కెన్" అన్న వాక్యంలో డబ్బా ఏ "కెన్"? చెప్పుకోండి చూద్దాం!