అమ్మానాయనతో ఇటలీ ట్రిప్: ఫ్లైట్ ఎక్కేలోపే సెట్ చేసుకోవాల్సినవి

పెద్దపంజాణి, పుంగనూరు, పలమనేరు వైపు నుంచి వచ్చి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మన బ్యాచ్‌లో ఇప్పుడు చాలామంది ప్లాన్ ఒకటే. అమ్మానాయనని ఒక్కసారైనా ఫ్లైట్ ఎక్కించి ఫారిన్ చూపించాలి. ఆ లిస్టులో ఇటలీ ఎప్పుడూ పైనే ఉంటుంది. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్, మిలాన్ నాలుగూ రైలు దారిలోనే ఉన్నాయి కాబట్టి పది రోజుల్లో హాయిగా చూసి రావచ్చు.

కానీ ఇక్కడ ఒక చిక్కుంది. టికెట్లు, హోటల్ బుకింగ్‌లు, కార్డులు, ఓటీపీలు, మ్యాప్, ట్రాన్స్‌లేషన్ అన్నీ ఒకే ఫోన్‌లో ఉంటాయి. ఆ ఫోన్ మీ జేబులో ఉంటుంది. అది పోయినా, బ్యాటరీ అయిపోయినా, స్టేషన్‌లో వాళ్లు మీ నుంచి తప్పిపోయినా ముగ్గురి ట్రిప్ అక్కడితో ఆగిపోతుంది. మన ఆఫీస్ భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. సర్వర్‌కి బ్యాకప్ పెట్టే మనం అమ్మానాయన ట్రిప్‌కి పెట్టకపోతే ఎట్లా? వరుసగా చూద్దాం.

1. ముందు పేర్లు చెక్ చేయండి

మన వైపు పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం, ఒకరికి ఇనీషియల్ ఉండి ఇంకొకరికి పూర్తి ఇంటిపేరు ఉండటం మామూలే. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, బ్యాంకులో ఇంకో స్పెల్లింగ్ కూడా ఉంటుంది. వీసా, ఫ్లైట్ టికెట్, ఇన్సూరెన్స్ అన్నింటికీ పాస్‌పోర్టులో ఉన్నదే ఫైనల్. రోమ్‌లోని కొలోసియం టికెట్లు కూడా పేరుతోనే ఇస్తారు, గేటు దగ్గర ఐడీతో సరిపోలుస్తారు. అందుకే మూడు పాస్‌పోర్టుల పేర్లు అక్షరం మారకుండా ఒక నోట్‌లో టైప్ చేసి పెట్టుకోండి. ప్రతి ఫారంలోనూ అక్కడి నుంచే కాపీ పేస్ట్ చేయండి.

పాస్‌పోర్టు తీసుకుని పదేళ్లు దాటకూడదు. తిరిగి వచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి.

2. వీసా: రైతు కుటుంబం ఫైల్ ఎలా ఉండాలి

కావాల్సింది షెంజెన్ షార్ట్ స్టే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి కానీ 45 రోజుల దాకా పొడిగించే అవకాశం వాళ్లకుంది. సమ్మర్ సీజన్‌కి అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి మూడు నెలల ముందే మొదలుపెట్టండి. 2024 జూన్ 11 నుంచి పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. అప్లికేషన్ సెంటర్ సర్వీస్ ఛార్జీ వేరే. వీసా రాకపోయినా ఫీజు వెనక్కి రాదు.

అసలు పని అమ్మానాయన ఫైల్‌లో ఉంటుంది. వ్యవసాయ ఆదాయానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి చాలామంది రైతుల దగ్గర ఐటీ రిటర్న్ ఉండదు. ఆ మాట కవర్ లెటర్‌లో నేరుగా రాయండి. పట్టాదారు పాసుపుస్తకం, 1బీ, వాళ్ల బ్యాంక్ స్టేట్‌మెంట్ పెట్టండి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లీష్ అనువాదం జత చేయండి. ఖర్చు మీరే పెడుతుంటే మీ స్పాన్సర్ లెటర్, పే స్లిప్పులు, ఐటీ రిటర్న్, మీరు వాళ్ల బిడ్డేనని చూపే ఆధారం ఉండాలి. టమోటా డబ్బు ఒకేసారి పెద్ద మొత్తంగా అకౌంట్‌లో పడి ఉంటే మండీ రసీదులు కూడా పెట్టండి. అప్లై చేసే ముందు హఠాత్తుగా పెరిగిన బ్యాలెన్స్ అనుమానం తెప్పిస్తుంది, రసీదు ఉంటే దానికి జవాబు ఉన్నట్టే.

ఇన్సూరెన్స్ కవర్ కనీసం 30,000 యూరోలు ఉండాలి. నాయనకి బీపీ, షుగర్ ఉంటే పాలసీలో ముందునుంచి ఉన్న జబ్బుల గురించి ఏం రాశారో చదివాకే కొనండి. చౌక పాలసీల్లో తేడా అక్కడే వస్తుంది.

ఇంకో చిన్న విషయం. పొలం పని చేసిన చేతులకు వేలిముద్రలు సరిగ్గా పడవు, రేషన్ మిషన్ దగ్గర చూస్తూనే ఉంటాం. వీసా సెంటర్‌లో వేలిముద్రలు తీసుకుంటారు. 2025 అక్టోబర్ 12న మొదలైన కొత్త ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్ ప్రకారం యూరప్ బోర్డర్‌లో కూడా ఫొటో, వేలిముద్రలు ఉంటాయి. వారం ముందు నుంచి రాత్రిపూట కొబ్బరినూనె రాసుకోమని చెప్పండి.

3. బుకింగ్‌లకు ఒక ఆర్డర్ ఉంది

వీసా వచ్చేదాకా ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్న హోటళ్లే తీసుకోండి. ఫ్లైట్ మల్టీ సిటీలో వెతకండి, రోమ్‌లో దిగి మిలాన్ నుంచి తిరిగి రండి. వెళ్లిన దారిలోనే వెనక్కి రావాల్సిన పని ఉండదు.

వీసా చేతికొచ్చాక హైస్పీడ్ రైళ్లు బుక్ చేయండి. ట్రెనిటాలియా, ఇటాలో రెండూ నడుపుతాయి, రెండు యాప్‌లలోనూ రేట్లు పోల్చండి. ముందు కొంటే చౌక, ఆలస్యమైతే రేటు పెరుగుతుంది. రోమ్ నుంచి ఫ్లోరెన్స్ గంటన్నర, అక్కడి నుంచి వెనిస్ రెండు గంటల పైచిలుకు. పీసా లాంటి దగ్గరి ఊళ్లకు వెళ్లే రీజనల్ రైళ్లకు ఫిక్స్‌డ్ రేటే, తొందర అక్కర్లేదు. కానీ పేపర్ టికెట్ అయితే ఎక్కే ముందు స్టేషన్‌లోని మిషన్‌లో స్టాంప్ వేయాలి, డిజిటల్ అయితే చెక్ ఇన్ నొక్కాలి. మర్చిపోతే టికెట్ ఉన్నా ఫైన్ పడుతుంది.

కొలోసియం టికెట్లు అఫీషియల్ సైట్‌లో 30 రోజుల ముందు రిలీజ్ అవుతాయి, క్యాలెండర్‌లో అలారం పెట్టండి. మిలాన్‌లో డావిన్చీ లాస్ట్ సప్పర్ చూడాలంటే ఇంకా ముందే పట్టుకోవాలి, లోపల 15 నిమిషాలే ఉండనిస్తారు. ఫ్లోరెన్స్ ఉఫీజీ మ్యూజియంకి సోమవారం సెలవు. వాటికన్ మ్యూజియంలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసే ఉంటాయి. వెనిస్‌లో కొన్ని రోజుల్లో పగటిపూట వచ్చిపోయేవాళ్లకు ఎంట్రీ ఫీజు ఉంది. 2025లో అలాంటివి 54 రోజులు, ముందే కడితే 5 యూరోలు, చివరి నిమిషంలో 10. రాత్రి అక్కడే ఉండేవాళ్లకు మినహాయింపు ఉంది కానీ ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుని క్యూఆర్ తీసుకోవాలి.

4. సిమ్, ఓటీపీ

డయలర్‌లో *#06# కొట్టండి. ఈఐడీ నంబర్ కనిపిస్తే మీ ఫోన్ ఈసిమ్ సపోర్ట్ చేస్తుంది. ట్రావెల్ ఈసిమ్‌ని ఇంట్లో వైఫై మీదే ఇన్‌స్టాల్ చేసి పెట్టుకుని, ఇటలీలో దిగాక ఆన్ చేయండి. డేటా ఈసిమ్ మీద నడవాలి. ఇండియా సిమ్ ఆన్‌లోనే ఉండాలి, దాని డేటా రోమింగ్ మాత్రం ఆఫ్‌లో ఉండాలి. బ్యాంక్ ఓటీపీ వచ్చేది దానికే కాబట్టి ఇంటర్నేషనల్ రోమింగ్ యాక్టివేట్ అయిందో లేదో బయల్దేరే ముందే కన్ఫర్మ్ చేసుకోండి.

అమ్మానాయన ఫోన్‌లలో కనీసం ఒకదానికి రోమింగ్ ప్యాక్ వేయించండి. మీ హాట్‌స్పాట్ మీద ఆధారపడితే మీరు పక్కకి వెళ్లగానే వాళ్లకి నెట్ ఉండదు. ఆ ఫోన్‌లో వాట్సాప్ లైవ్ లొకేషన్ ఎలా పంపాలో ఇంట్లోనే నాలుగుసార్లు చేయించండి. గూగుల్ మ్యాప్స్‌లో నాలుగు సిటీలు ఆఫ్‌లైన్‌గా, గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఇటాలియన్, తెలుగు రెండూ డౌన్‌లోడ్ చేయండి.

5. డబ్బు

యూపీఐ ప్యారిస్ ఐఫిల్ టవర్ దగ్గర 2024లోనే మొదలైంది, కానీ ఇటలీ మొత్తం ట్రిప్ దాని మీద నడుస్తుందని లెక్కేసుకోవద్దు. మన కార్డుల్లో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్లు, ట్యాప్ పేమెంట్లు బ్యాంక్ యాప్‌లో మనమే ఆన్ చేయాలి. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు తీసుకోండి, ఒకటి మీ దగ్గర, ఇంకోటి నాయన దగ్గర. కొంత క్యాష్ అమ్మ దగ్గర. మిషన్ యూరోలా, రూపాయలా అని అడిగితే ప్రతిసారీ యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లు వేసే రేటుకి మీరే నష్టపోతారు.

6. ఛార్జర్, పవర్ బ్యాంక్, నెయ్యి

ఇటలీలో కరెంటు 230 వోల్టులే, కన్వర్టర్ అక్కర్లేదు. సన్నటి రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్ అక్కడి సాకెట్లలో దూరిపోతుంది. ల్యాప్‌టాప్ మూడు పిన్నుల ప్లగ్ దూరదు, దానికి అడాప్టర్ కావాలి. పవర్ బ్యాంక్ హ్యాండ్ బ్యాగ్‌లోనే పెట్టాలి. లిమిట్ 100 వాట్ అవర్స్. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74, కాబట్టి ఓకే. కొన్ని ఎయిర్‌లైన్లు ఫ్లైట్‌లో దాన్ని వాడనివ్వవు, ఫోన్లు ఫుల్ ఛార్జ్‌తోనే ఎక్కండి. డ్రోన్ మాత్రం ఇంట్లోనే ఉంచండి. కెమెరా ఉన్న చిన్న డ్రోన్‌కి కూడా రిజిస్ట్రేషన్ కావాలి.

అమ్మ బ్యాగ్ కూడా ఒకసారి చూడండి. యూరప్‌లోకి పాల ఉత్పత్తులు, మాంసం తేనివ్వరు. అంటే నెయ్యి సీసా, పాలకోవా కుదరవు. కరివేపాకు, మామిడిపళ్లు కూడా వద్దు. పప్పుల పొడి చాలు. సంగటి మిస్ అయితే ఉత్తర ఇటలీలో పొలెంటా అడగండి, మొక్కజొన్న పిండితో చేసే సంగటి లాంటిదే.

7. దిగాక

రోమ్ ఫ్యుమిచినో ఎయిర్‌పోర్టు నుంచి టెర్మిని స్టేషన్‌కి లియోనార్డో ఎక్స్‌ప్రెస్ మనిషికి 14 యూరోలు. ముగ్గురికి 42. సిటీ మధ్యకి ట్యాక్సీకి ఫిక్స్‌డ్ రేటు 55. లగేజీతో పెద్దవాళ్లు ఉన్నప్పుడు హోటల్ గుమ్మం దాకా దింపే ట్యాక్సీయే మేలు. మెట్రోలో, టెర్మిని చుట్టుపక్కల జేబుదొంగలతో జాగ్రత్త. ఆండ్రాయిడ్‌లో థెఫ్ట్ డిటెక్షన్ లాక్, ఐఫోన్‌లో స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ ఇండియాలోనే ఆన్ చేయండి. ఎమర్జెన్సీ నంబర్ 112.

చివరి టెస్ట్

బయల్దేరే వారం ముందు ఒక గంట మీ ఫోన్ స్విచాఫ్ చేసి నాయనని అడగండి: ఇప్పుడు హోటల్‌కి ఎట్లా పోతావు? ఆయన జేబులో హోటల్ అడ్రస్ ప్రింట్, మీ నంబర్, పాస్‌పోర్టు జిరాక్స్, ఒక కార్డు, పని చేసే ఫోన్ ఉంటే మీ ప్లాన్ పాసైనట్టే. తడబడితే ఏం కలపాలో మీకే తెలిసిపోతుంది. సరిచేసుకోవడానికి ఇంకా వారం టైముంది.