మీకు తెలుసా? ‘ణ’తో మాట ఎందుకు మొదలవదు

పిల్లల అక్షరమాల పుస్తకంలో ‘అ’కు అమ్మ, ‘ఆ’కు ఆవు చక్కగా కుదురుతాయి. ‘ణ’ దగ్గరికి వచ్చేసరికి వీణో బాణమో కనిపిస్తుంది, ‘ళ’ దగ్గర తాళం. అక్షరం మాట మొదట్లో ఉండదు. వాడుక తెలుగులో ఈ రెండింటితో మొదలయ్యే మాటలు లేవు మరి!

కారణం చాలా పాతది. తెలుగు, తమిళం, కన్నడం పుట్టిన మూల ద్రావిడ భాషలో ట, ణ, ళ వంటి, నాలుక మడిచి పలికే ధ్వనులు మాట మొదట వచ్చేవి కావు. ర, ల కూడా అంతే. ఈ సంగతులను లోతుగా పరిశోధించినవారు భద్రిరాజు కృష్ణమూర్తి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1962 నుంచి 1986 వరకు ఆయన భాషాశాస్త్ర ఆచార్యులు.

మరి మనకు రెండు, రోలు ఎలా వచ్చాయి? తమిళంలో అవి ఇరండు, ఉరల్. తెలుగులో మొదటి అచ్చు జరిగి రెండో అచ్చుతో కలిసిపోయింది: ఇ, అ కలిసి ‘ఎ’ అయింది, ఉ, అ కలిసి ‘ఓ’ అయింది. అలా ‘ర’ ముందుకొచ్చింది. దీన్ని వర్ణవ్యత్యయం అంటారు. ‘లోపల’లోని ‘లో’ కూడా ఇలా వచ్చిందే. తమిళంలో అది ఉళ్.

‘ణ’కు మాట ఏదని పాప అడిగితే దాటవేయకండి. అది చాలా మంచి ప్రశ్న. బాణం, వీణ పలికించి, ‘ణ’ ఎక్కడ వినిపించిందో తననే చెప్పమనండి.