నడుం నొప్పికి యాభై బీడీల లెక్క

సోలాపూర్‌లో మన గల్లీల్లో నడుం నొప్పి లేని ఇల్లు తక్కువ. మగవాళ్లు సాంచాల మీద వంగి తెగిన పోగులు అతుకుతారు. ఆడవాళ్లం ఒళ్లో చేట పెట్టుకొని 1,000 బీడీలు అయ్యేదాక లేవం. మూడేండ్లు నేనూ ఆ నొప్పితోనే చుట్టిన. బాము, బెల్టు, వారం రోజుల పడక అన్నీ అయినయి. పడుకుంటే కూలి పోయింది గాని నొప్పి పోలేదు.

సర్కారు దవాఖానాలో ఫిజియోథెరపీ మేడమ్ మెల్లగా కదులుతూనే ఉండమన్నది. రోజుల తరబడి పడుకుంటే నడుం కండరాలు బలం తప్పుతయట. అరగంటకోసారి లేవమన్నది. గడియారం చూసుకుంట బీడీలు చుట్టేదెవరు? అందుకే 50 కాగానే లేస్తున్న. రెండు కట్టలంటే దాదాపు అరగంటే. నాలుగడుగులు వేసి, నడుం మీద చేతులు పెట్టి కొంచెం వెనక్కి వంగి, మళ్లీ గోడకు ఆనుకొని కూర్చుంట. చేట ఇప్పుడు ఒళ్లో గాదు, చిన్న పీట మీద. పొద్దుగూకినంక నడక, రాత్రి వేడినీళ్ల కాపడం. రెండు నెలలకు నొప్పి సగానికి దిగింది. పూర్తిగా పోయిందని చెప్పను. రోజుకు 20 సార్లు లేచినా లెక్క మాత్రం 1,000కి తగ్గలేదు, మా అత్తమ్మ గూడ ఏమంటలేదు.

కాళ్లు మొద్దుబారినా, బలం తగ్గినా, మూత్రం బందైనా, తెలియకుండా పోయినా ఇంటి వైద్యం వద్దు. ఆ రోజే దవాఖానాకు పోవాలె.