ప్రయోగశాల చిట్టెలుకల శవపరీక్ష

ప్రయోగశాల చిట్టెలుకల శవపరీక్ష అనగా వైద్య పరిశోధనలో వాడిన చిట్టెలుక దేహాన్ని మరణానంతరం క్రమపద్ధతిలో తెరచి, అవయవాలను మొదట కంటితోను, తరువాత సూక్ష్మదర్శినితోను పరిశీలించి, వాటిలోని మార్పులను, ఆ మార్పులకు కారణాలను నిర్ణయించే ప్రక్రియ. మనుషుల విషయంలో వాడే పోస్టుమార్టం అనే మాటే ఇక్కడా వాడుకలో ఉంది. కొత్త మందు, టీకా, పురుగుమందు, ఆహారంలో కలిపే రంగు మొదలైనవి మనిషికి హాని చేస్తాయా లేదా అన్న నిర్ణయంలో ఈ పరీక్షకు ముఖ్యమైన స్థానం ఉంది. పరీక్షకుడు ప్రతి మార్పు విషయంలోను ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఇది ప్రయోగం వల్ల కలిగినదా, ఆ ఎలుకకు ఎలాగూ వచ్చేదేనా, లేక కోసిన చేతి వల్ల ఏర్పడినదా?

జంతుశాస్త్ర విద్యార్థులు నేర్చుకొనే కోత వేరు, ఈ పరీక్ష వేరు. మొదటిది ఆరోగ్యవంతమైన దేహంలో ఏ అవయవం ఎక్కడ ఉన్నదో చూపుతుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2011లో ఇచ్చిన మార్గదర్శకాల తరువాత ఆ కోతలు కళాశాలలలో చాలావరకు తగ్గిపోయాయి. శవపరీక్ష మాత్రం ఉండవలసిన స్థితికి, ఉన్న స్థితికి మధ్య తేడాను వెదుకుతుంది.

చిట్టెలుక, ఎలుక

తెలుగులో రెండింటినీ ఎలుక అనే అంటాము గాని ప్రయోగశాలలో ఇవి వేరువేరు జాతులు. పెరిగిన చిట్టెలుక బరువు సుమారు 20 నుండి 40 గ్రాములు ఉంటుంది. ఎలుక దానికి పది రెట్లు, అంతకు మించి కూడా తూగుతుంది. చిట్టెలుకకు పిత్తాశయం ఉన్నది, ఎలుకకు లేదు. చిట్టెలుక కుడి ఊపిరితిత్తికి నాలుగు లంబికలు ఉండగా ఎడమదానికి ఒకటే ఉంటుంది. మనిషిలో పుట్టుక తరువాత రక్తకణాలు ప్రధానంగా ఎముక మజ్జలో తయారవుతాయి. చిట్టెలుక ప్లీహంలోనైతే ఆ పని జీవితాంతం కొనసాగుతూనే ఉంటుంది. మనుషుల స్లైడులు చూడటానికి అలవాటుపడిన వైద్యుడు మొదటిసారి చిట్టెలుక ప్లీహాన్ని చూసి రక్తసంబంధ వ్యాధి అని భ్రమపడే అవకాశం ఉన్నది.

తెలుగునేలపై చరిత్ర

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చరిత్రలో ఈ విద్యకు పెద్ద స్థానం ఉంది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ తమిళనాడులోని కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధన ప్రారంభించాడు. ఆయన భారతదేశంలోని వివిధ ప్రాంతాల ప్రజలు తినే ఆహారాలను వేరువేరు ఎలుకల గుంపులకు పెట్టి, తరువాత వాటికి శవపరీక్ష చేశాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, ఆకుకూరలు తిన్న గుంపుల అవయవాలు ఆరోగ్యంగా ఉండగా, లోపభూయిష్టమైన ఆహారం తిన్నవాటిలో ఊపిరితిత్తుల వ్యాధులు, జీర్ణకోశ వ్యాధులు, మూత్రాశయంలో రాళ్లు కనిపించాయి. ఆ పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో దానికి ఇప్పటి పేరు పెట్టారు.

ప్రయోగ జంతువుల సమాచార కేంద్రం 1976 నుండి ఈ సంస్థలోనే పనిచేసింది. 1998లో అది జాతీయ ప్రయోగశాల జంతు విజ్ఞాన కేంద్రంగా మారింది. ఇక్కడి విస్టార్ ఎలుకల గుంపులో 1996లో సహజంగానే విపరీతమైన స్థూలకాయంతో పుట్టినవి కనిపించాయి. వాటి నుండి వృద్ధి చేసిన వంశంలో సంతానలేమి, కంటి శుక్లాలు, కణితులు, తక్కువ ఆయుర్దాయం గమనించారు. మధుమేహం, ఊబకాయం పరిశోధనలకు ఈ వంశం నేటికీ ఉపయోగపడుతున్నది. ఇవి ఎలుకలే గాని చిట్టెలుకలు కావు. అయితే పరీక్షా పద్ధతి రెండింటికీ దాదాపు ఒకటే.

దేహాన్ని తెరవడం

ఈ పనిలో కాలమే మొదటి శత్రువు. ప్రాణం పోయిన వెంటనే కణాలలోని ఎంజైములు ఆ కణాలనే జీర్ణించుకోవడం మొదలుపెడతాయి. చిట్టెలుక పేగు లోపలి పొర నిమిషాలలోనే చెడిపోతుంది. రాత్రి బోనులో చనిపోయి ఉదయం దొరికిన ఎలుక నుండి తెలిసేది చాలా తక్కువ. వెంటనే పరీక్షించడం కుదరకపోతే దేహాన్ని చల్లగా ఉంచాలి గాని గడ్డకట్టించకూడదు. గడ్డకడితే లోపల ఏర్పడే మంచు పలుకులు కణాలను చీల్చివేస్తాయి.

ముందుగా బరువు తూచి చర్మం, కళ్లు, దంతాలు, సహజ రంధ్రాలు చూస్తారు. దేహాన్ని వెల్లకిల ఉంచి, వెంట్రుకలు లోపల పడకుండా ఆల్కహాలుతో తడిపి, పొట్ట నడిమి గీత వెంట కోస్తారు. అవయవాలను కదిలించక ముందే వాటి రంగు, పరిమాణం, స్థానం నమోదు చేయాలి. కాలేయం, మూత్రపిండాలు, గుండె, ప్లీహం, మెదడు, వృషణాలను తూచి, ఆ బరువులను దేహం బరువుతో పోల్చుతారు. వర్ణనలో వ్యాధి పేరు వ్రాయకూడదు. "కాలేయపు ఎడమ లంబికపై 3 మిల్లీమీటర్ల తెల్లని గట్టి మచ్చ" అని వ్రాయాలి గాని "క్యాన్సర్" అని వ్రాయరాదు. ఆ మాట చెప్పవలసినది సూక్ష్మదర్శిని.

చంపిన విధానం కూడా దేహంలో గుర్తులు వదులుతుంది. బొగ్గుపులుసు వాయువుతో చంపితే ఊపిరితిత్తులలో నెత్తుటి చుక్కలు కనిపించవచ్చు. మెడ ఎముక తప్పిస్తే మెడ చుట్టూ రక్తం చేరుతుంది. గుండె నుండి రక్తం తీసిన ఎలుక అవయవాలు పాలిపోయి ఉంటాయి. అందువలన ఏ పద్ధతిలో చంపినదీ నమోదు చేయక తప్పదు.

కణజాలం స్లైడుగా మారే తీరు

తీసిన ముక్కలను వాటి పరిమాణానికి కనీసం పదింతలు ఉండే తటస్థ ఫార్మలిన్ ద్రవంలో సాధారణంగా ఒకటి, రెండు రోజులు ఉంచుతారు. ముక్క మందంగా ఉంటే ద్రవం లోపలికి చేరేలోగా నడిమి భాగం చెడిపోతుంది. ఊపిరితిత్తులను ఊరికే ద్రవంలో వేస్తే ముడుచుకొని తేలుతాయి కనుక శ్వాసనాళం గుండా ఫార్మలిన్ నింపి ఉబ్బిస్తారు. వృషణాలు, కళ్లు ఫార్మలిన్‌లో ఆకృతి కోల్పోతాయి, వాటికి డేవిడ్‌సన్ ద్రవం వంటివి వాడతారు. ఎముకల నుండి ముందుగా సున్నం తొలగించాలి.

తరువాత ఆల్కహాలుతో నీటిని, జైలీనుతో ఆల్కహాలును తొలగించి కరిగిన మైనంలో నానబెడతారు. గట్టిపడిన మైనపు దిమ్మను మైక్రోటోమ్ యంత్రంపై 4 లేక 5 మైక్రాన్ల మందాన పొరలుగా కోస్తారు. హిమటాక్సిలిన్ రంగు కేంద్రకాలకు నీలి ఛాయను, ఇయోసిన్ మిగిలిన భాగానికి గులాబి ఛాయను ఇస్తుంది. వంద సంవత్సరాలకు పైబడిన ఈ జంట రంగులే నేటికీ మొదటి పరీక్షకు ఆధారం.

అర్థం చెప్పడంలో చిక్కులు

ప్రయోగశాల వంశాలు దగ్గరి రక్తసంబంధంలోనే తరతరాలుగా పెంచినవి. కనుక ప్రతి వంశానికి సొంత జబ్బులు ఉంటాయి. ఏకేఆర్ వంశంలో లుకేమియా, ఏ వంశంలో ఊపిరితిత్తుల కణితులు ఎక్కువ. సీ3హెచ్ వంశంలో రొమ్ము క్యాన్సరు తల్లిపాల ద్వారా సంక్రమిస్తుందని 1936లో జాన్ బిట్నర్ చూపాడు. దానికి కారణం ఒక వైరస్ అని తరువాత తేలింది. సీ57 నల్ల చిట్టెలుకలలో చర్మపు పుండ్లు, చిన్న కళ్లు తరచుగా కనిపిస్తాయి. మందు ఇచ్చిన పది ఎలుకలలో మూడింటికి పుండ్లు వచ్చాయనగానే మందును నిందించరాదు. మందు ఇవ్వని పదింటిలో ఎన్నింటికి వచ్చాయో చూడాలి. ఈ పోలిక గుంపు లేని శవపరీక్షకు శాస్త్రీయ విలువ దాదాపు లేదనే చెప్పాలి. అనుమానాస్పద మార్పులను ఏ స్లైడు ఏ గుంపుదో తెలియకుండా మళ్లీ చదివించడం మంచి పద్ధతి.

జంతువు ఎంపిక వల్ల కూడా పొరపాటు జరగవచ్చు. అఫ్లాటాక్సిన్ ఇందుకు చక్కని ఉదాహరణ. 1974లో గుజరాత్, రాజస్థాన్ ప్రాంతాల గిరిజన గ్రామాలలో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కాలేయం చెడి మరణించారు. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దీనిని పరిశోధించి అఫ్లాటాక్సిన్ కారణమని చూపారు. భైంసా, నిర్మల్ పరిసరాలలో సైతం తడిసిన మొక్కజొన్నను ఆరబెట్టకుండా నిల్వ చేస్తే ఇటువంటి బూజు పట్టే ప్రమాదం ఉన్నది. ఈ విషం ఆహారంలో వందకోట్ల పాళ్లకు కొన్ని పదుల పాళ్లు ఉన్నా ఎలుకలకు కాలేయ క్యాన్సరు వస్తుంది. పెరిగిన చిట్టెలుక మాత్రం దానిని చాలావరకు తట్టుకుంటుంది, ఎందుకనగా దాని కాలేయంలోని ఒక ఎంజైము విషాన్ని వేగంగా నిర్వీర్యం చేస్తుంది. కేవలం చిట్టెలుకలను కోసి చూసినవారు అఫ్లాటాక్సిన్ అంత ప్రమాదకరం కాదని తేల్చేవారు. మందుల భద్రతా పరీక్షలలో సాధారణంగా ఒకటికి మించిన జాతులను వాడటానికి ఇదొక కారణం. హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్ టీకాను కూడా మనుషులకు వేయడానికి ముందు చిట్టెలుకలు, ఎలుకలు, కుందేళ్లలో పరీక్షించారు. అల్యూమినియం లవణం కలిగిన టీకాలలో సూది గుచ్చిన కండరంలో భక్షక కణాలు చేరడం సాధారణం. అది టీకా పనితీరులో భాగమా, హానికి గుర్తా అన్నది వాపు తీవ్రతను బట్టి, కొన్ని వారాల తరువాత తగ్గినదా లేదా అన్నదానిని బట్టి నిర్ణయిస్తారు.

నిబంధనలు

మన దేశంలో జంతు ప్రయోగాలు 1960 నాటి జంతుహింస నివారణ చట్టానికి, దాని కింద 1998లో వచ్చిన నియమాలకు లోబడి జరగాలి. ప్రతి సంస్థలో జంతు నైతిక సంఘం ఉండి ముందుగా అనుమతి ఇవ్వాలి. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ మార్గదర్శకాల ప్రకారం 90 రోజుల విషప్రభావ పరీక్షలో గుంపుకు 10 మగ, 10 ఆడ జంతువులు ఉండాలి. క్యాన్సర్ పరీక్షలో ఒక్కొక్క లింగానికి 50 చొప్పున కావాలి. మంచి ప్రయోగశాల పద్ధతుల విషయంలో 2011లో భారతదేశానికి ఆ సంస్థ పూర్తి గుర్తింపు లభించింది. అందువలన ఇక్కడి గుర్తింపు పొందిన ప్రయోగశాలల నివేదికలు ఇతర సభ్యదేశాలలో చెల్లుతాయి, అక్కడ మరల అవే జంతువులను చంపవలసిన అవసరం తప్పుతుంది.

పరీక్ష ముగిసిన తరువాత మైనపు దిమ్మలను, స్లైడులను భద్రపరుస్తారు. సందేహం వస్తే అదే దిమ్మ నుండి సంవత్సరాల తరువాత కూడా కొత్త పొర కోసి చూడవచ్చు. మిగిలిన దేహభాగాలను 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం పసుపు సంచిలో వేసి దహనానికి పంపుతారు.